తొమ్మిదో విన్నపం

గడియారం రెండు దాటి ఏడు నిమిషాలు చూపిస్తోంది, అంటే సరిగ్గా రెండయిందన్నమాట, ఎందుకంటే మా మందిరంలో గడియారం ప్రభువు రాకడ విషయంలో ఎవరికంటే వెనకబడకూడదని పంతం పట్టినట్టు ఎప్పుడూ ఏడు నిమిషాలు ముందే ఉంటుంది. దాన్ని సరిచేద్దామని ఎవరైనా కుర్చీ ఎక్కితే లెక్కల మాస్టారు, వద్దు నాయనా, అందరికీ ఏడు తీసేసుకోవడం అలవాటైపోయింది, ఇప్పుడు సరిచేస్తే సంఘమంతా ఆలస్యంగా వస్తుంది, అని దింపేస్తాడు. సరే, మధ్యాహ్నం రెండయింది. నా గంట మొదలైంది. గొలుసు ప్రార్థనంటే ఇదే, మూడు రోజులు, రాత్రీ పగలూ, గంటకొకరు చొప్పున ఈ గదిలో కూర్చోవాలి, తర్వాతవాళ్లు వచ్చి తలుపు తట్టేదాకా కదలకూడదు, కదిలితే గొలుసు తెగుతుంది. నా పేరు నేను రాయించుకోలేదు. నాన్న రాయించాడు. రెండు నుంచి మూడు మావాడు, మూడు నుంచి నాలుగు నేను, అని. మావాడు అని రాయిస్తుంటే పాస్టరుగారు కలం ఆపి, ఏ వాడు, అని అడిగారట, ఉన్నది నేనొక్కణ్ణే అయినా. నా ముందు గంట మిషనత్తది. కుట్టు మిషను మీద బతుకుతుంది కాబట్టి మిషనత్త. ఆవిడకి కూతురు లేదు, అయినా నేను అల్లుణ్ణే, ఆవిడ అలా పిలవడం మొదలుపెట్టినప్పటికి నాకు నిక్కర్లు కూడా సరిగా నిలిచేవి కావు. ఇందాక మోకాళ్లు పటపటమంటుంటే దిండు మీంచి లేచి, కళ్లజోడు మడుచుకుని, "నిద్రపోకు అల్లుడూ. దేవుడు పైనుంచి చూస్తాడు, నేను కిటికీలోంచి చూస్తాను. ఆయనైతే క్షమిస్తాడు" అని బయటికెళ్లింది. బస్సు మూడుంపావుకి. అందాకా వరండాలో బెంచీ మీద కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు కుడుతుంది.

గది చిన్నది. ఒక మూల ఒకదాని మీదొకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఇంకో మూల గొంతు పోయిన మైకు, గోడకి ఒక శిలువ, కిటికీకి ఇనుప జాలీ, కింద మిషనత్త గుడ్డ ముక్కలతో కుట్టిన దిండు. దిండులో రెండు గుంటలున్నాయి, మూడు రోజులుగా ఎన్నెన్ని మోకాళ్లు ఒకే చోట ఆనాయో. నేను గుంటల్లో ఆనించకుండా పక్కన ఆనించాను. ఎందుకో. బల్ల మీద రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను, దాని పక్కన పోయిన ఆదివారం పంచిన విన్నపాల పట్టీ, పన్నెండు విన్నపాలు. మొదటిది సీసాల ఫ్యాక్టరీ. కొలిమి ఆరిపోయి మూడు నెలలైంది. సీసాల కొలిమి ఆర్పరు, ముప్పై ఏళ్లయినా ఆర్పరు, ఆర్పారంటే ఇంక వెలిగించే ఉద్దేశం లేదని మా నాన్నే చిన్నప్పుడు చెప్పాడు, ఇప్పుడు ఆ మాట నేను చెప్పలేదంటాడు. ఆయన పని సీసాలు చూడటం. దీపం ముందు ఒక్కొక్క సీసా వెళ్తుంటే లోపల బుడగ ఉందా, మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఉందా అని చూసి, ఉన్నదాన్ని వేలితో పక్కకి తోసేయడం. ఇరవై ఆరేళ్లు తోశాడు. ఇప్పటికీ ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తాగే ముందు వెలుతురుకి ఎత్తి చూస్తాడు. నన్నూ ఒక్కోసారి అలాగే చూస్తాడు. వేలితో తోయడు గానీ, బుడగ కనిపించిందని నాకు తెలుస్తుంది. రోజూ ఉదయం యూనిఫాం వేసుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని, తాళం వేసిన గేటు దగ్గరికెళ్లి కూర్చుని సాయంత్రం వస్తాడు. ఎందుకెళ్తావు నాన్నా అంటే, అలవాటు, అంటాడు. అమ్మ బాక్సు కడుగుతూ ఏమీ అనదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేను ఏదో ఒక జోకు వేస్తాను. మా ఇంట్లో ఈ మూడు నెలల్లో నేను వేసిన జోకులు ఎగుమతి చేస్తే ఫ్యాక్టరీ మళ్లీ తెరవచ్చు.

ఒడిలో సంచి బరువుగా ఉంది. నలభై కాగితాలు అంత బరువుండవు. నేను పనిచేసేది జిరాక్సు షాపులో, కాగితం బరువు నాకు తెలుసు. ప్రతి వారం పాస్టరుగారు చేత్తో రాసిన విన్నపాల పట్టీ పంపిస్తారు, నేను టైపు చేసి నలభై కాపీలు తీస్తాను, ఆదివారం తలుపు దగ్గర పంచుతారు. ఆరు వారాల కిందట ఒకరోజు ఎనిమిది విన్నపాలు టైపు చేశాను. అన్నీ ఫ్యాక్టరీవే, లేదా ఫ్యాక్టరీ మూతపడటం వల్ల మంచాన పడ్డవాళ్లవే. వేళ్లు ఆగాయి. ఈ పట్టీ చదివితే దేవుడికే దిగులొస్తుంది అనిపించింది. అప్పుడు తొమ్మిదోది నేనే టైపు చేశాను. "పదకొండు రోజులుగా ఎక్కిళ్లు ఆగని ఒక సోదరుని కొరకు." మా సంఘం గురించి నాకున్న అంచనా ఏమిటంటే, ఎవరో ఒకరు ఇదెవరు అని అడుగుతారు, నేను ముఖం అమాయకంగా పెడతాను, అరగంట నవ్వుకుంటాం, అయిపోతుంది. ఎవరూ అడగలేదు. పాస్టరుగారు సంఘపెద్ద చేర్చాడనుకున్నారు, సంఘపెద్ద పాస్టరుగారే చేర్చారనుకున్నాడు, మిగతావాళ్లు ఇదెవరని అడిగితే తమ విశ్వాసం తక్కువనుకుంటారని ఊరుకున్నారు. పాస్టరుగారు కళ్లు మూసుకుని, ప్రభువా, ఆ సోదరుడు, అని ఒక నిమిషం ఆగి, ఎక్కిళ్లు, అన్నారు. నలభై గొంతులు ఆమేన్ అన్నాయి.

అంతే, ఇంక నేను ఆగలేదు. రెండో వారం పద్దెనిమిది రోజులు చేశాను, మూడో వారం ఇరవై ఐదు. పాటలు పాడించే అక్క ఎక్కిళ్లని ఎంత గట్టిగా గద్దించిందంటే పక్కింటి కుక్క ఆ రోజు నుంచి మొరగడం మానేసింది. బస్సు డ్రైవరు అన్న ప్రార్థనలోనే వైద్యం చెప్పాడు, ప్రభువా, ఊపిరి బిగబట్టి ఏడు గుక్కలు మంచినీళ్లు తాగమని వాడికి గుర్తుచేయి తండ్రీ, గ్లాసు అవతలి అంచు నుంచి తండ్రీ, అని. లెక్కల మాస్టారు నాలుగు సెకన్లకొకటి చొప్పున పదకొండు రోజులకి రెండు లక్షల ముప్పై ఏడు వేల ఆరువందల ఎక్కిళ్లని లెక్కతేల్చి, ఆ అంకెతో సహా దేవుడికి విన్నవించాడు. ఆ తర్వాత వారం వారం లక్షా యాభై ఒక్క వేల రెండువందలు కలుపుతూ వచ్చాడు. నిద్రలో వచ్చేవి తీసేయాలా వద్దా అన్నదాని మీద ఆయనకీ సంఘపెద్దకీ మాటలు లేవు. నేనూ, ఫోన్లు బాగుచేసే రింగుటోనుగాడూ షాపు మెట్ల మీద కూర్చుని ఈ కథలు చెప్పుకుని కడుపు పట్టుకుని పడిపోయేవాళ్లం. ఈ వారం ముగింపు. సంచిలో ఉన్న నలభై కాపీల్లో తొమ్మిదో విన్నపం ఇదీ: "యాభై మూడు రోజుల పిమ్మట స్వస్థత పొందిన సోదరుడు ఈ ఆదివారం స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పును." రింగుటోనుగాడు వాళ్ల బావమరిదిని పట్టుకొచ్చాడు, వేరే ఊరివాడు, ఎవరికీ తెలియదు, సాక్ష్యం మధ్యలో ఒకే ఒక్క ఎక్కిలి పెట్టి సంఘాన్ని గడగడలాడించాలని పది రోజులుగా సాధన చేస్తున్నాడు.

పావుగంట కూడా కాలేదు. ప్రార్థన ఎలాగూ రాదు కదా, రిజిస్టరు చూద్దామనిపించింది. గంట అయ్యాక ప్రతివాళ్లూ అందులో ఒక మాట రాయాలి. నిజం చెప్పాలంటే రింగుటోనుగాడికి చెప్పడానికి ఏమైనా దొరుకుతుందేమోననే తెరిచాను. డ్రైవరు అన్న రాసింది, కాలు తిమ్మిరెక్కింది, అయినా విజయం. లెక్కల మాస్టారు ప్రార్థించిన నిమిషాలు, నిద్రపోయిన నిమిషాలు విడివిడిగా రాశాడు, నిద్ర ఎక్కువ. నవ్వాను. పేజీ తిప్పాను. మిషనత్త అక్షరాలు తెలిసిపోతాయి, గుడ్డ మీద సుద్దతో గీసినట్టు వాలుగా ఉంటాయి. మొదటి రోజు: "తొమ్మిదో నంబరు అబ్బాయి కోసం అడిగాను. ఇంకేమీ అడగలేదు." నిన్నటిది: "ఎక్కిళ్లొస్తే ఎవరో తలుచుకుంటున్నట్టు అంటారు. పాస్టరుగారు మూఢనమ్మకం అన్నారు. అయ్యుండొచ్చు. కానీ ఆగకుండా ఇన్ని రోజులు తలుచుకునేవాళ్లు ఇంకెవరు. వాడు నా కొడుకే అయితే వాడి బాధకి కారణం నేనే. ప్రభువా, నేను వాణ్ణి తలుచుకోవడం మానేస్తాను. నా బదులు నువ్వు తలుచుకో." ఇవాళ్టిది, ఇంకా సిరా తడి ఆరలేదేమో అన్నట్టుంది: "రాత్రి నిద్రపట్టింది. నాలుగేళ్ల తర్వాత. పగలే కష్టంగా ఉంది, వాడు గుర్తురాకుండా కుట్లు లెక్కపెట్టుకుంటున్నాను. వాడికి తగ్గితే చాలు. వాడు ఇక్కడికి రాకపోయినా పర్వాలేదు. స్తోత్రం."

మళ్లీ చదివాను. మూడోసారి చదవలేదు, అక్షరాలు అక్కడే ఉన్నాయి, నేనే ఎక్కడికో పోయాను. చెవులు కాలుతున్నాయి. సిగ్గుతో చెవులు కాలడమనేది ఊరికే అనే మాట అనుకున్నాను ఇన్నాళ్లూ, కాదు, చేత్తో ముట్టుకుంటే వేడి తెలుస్తోంది. వాళ్లబ్బాయి నాకు తెలుసు. సీసా మూతి మీద పెదవి పెట్టి ఊదితే ఓడ కూత వస్తుందని నేర్పింది వాడే, నీళ్లు ఎంత పోస్తే కూత ఎంత మారుతుందో ఎనిమిది సీసాలు వరుసగా పెట్టి చూపించాడు. ఎడమచేతి వాటం. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం తల్లీకొడుకులకి మాటా మాటా పెరిగింది, దేని గురించో ఆవిడకే గుర్తులేదు, కూర ఉప్పు గురించి కూడా కావచ్చునంటుంది. గుర్తున్నదల్లా చివర్లో తనన్న మాట. "నువ్వు లేకపోతే నాకు మనశ్శాంతి." వాడు చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఫోను నంబరు మార్చేశాడు. ఇదంతా నాకు ఆవిడే చెప్పింది, నా ప్యాంటు పొడవు కొలుస్తూ, మోకాలి దగ్గర టేపు పట్టుకుని, తలెత్తకుండా. నేనప్పుడు ఏమన్నాను? ఏదో జోకు వేశాను. ఏ జోకో గుర్తులేదు. గుర్తుంటే బాగుండును, దాన్ని కూడా ఇప్పుడే సిగ్గుపడి వదిలించుకునేవాణ్ణి.

ఆగు. అది కాదు అసలు సంగతి. అసలు సంగతి పోయిన మంగళవారం. లోపల్నుంచి అది పైకి వస్తోందని తెలుస్తూనే ఉంది, అందుకే ఓడ కూతలూ ప్యాంటు పొడవులూ అడ్డం పెడుతున్నాను. మంగళవారం మిషనత్త షాపుకొచ్చింది. జిరాక్సు తీయడానికి ఆవిడ దగ్గర ఏ కాగితమూ లేదు. కౌంటరు మీద ధూళి చేత్తో తుడుస్తూ, అల్లుడూ, పట్టీ నువ్వే కదా కొట్టేది, ఆ తొమ్మిదో అబ్బాయి వయసెంతో నీకేమైనా తెలుసా, అంది. నేను కంప్యూటరు మీంచి తల తిప్పకుండా ఇరవై ఎనిమిది అన్నాను. నోటికొచ్చిన అంకె. ప్రపంచంలో ఇన్ని అంకెలుండగా వాళ్లబ్బాయి వయసే. ఆవిడ తుడవడం ఆపి, ఎడమచేతి వాటమా, అంది. అప్పుడైనా నాకు అర్థం కావాలి. అర్థం కాలేదా, అర్థమైనా లెక్కచేయలేదా? ఇదొక్కటే ఈ గదిలో నన్ను నేను అడగాల్సిన ప్రశ్న, దీనికే నా దగ్గర జవాబు లేదు, లేదంటే ఉన్న జవాబు చూడబుద్ధి కావడం లేదు. అవునత్తా, అలాగే విన్నాను, అన్నాను. చాలా గంభీరంగా అన్నాను. నా గంభీరమైన ముఖం నాకున్న ఏకైక ఆస్తి. ఆవిడ తల ఊపి, కొంగుతో కౌంటరు ఇంకోసారి తుడిచి వెళ్లిపోయింది. ఆవిడ మలుపు తిరిగిందో లేదో రింగుటోనుగాడికి చెప్పాను. ఎడమచేతి వాటానికీ ఎక్కిళ్లకీ సంబంధం ఏమిట్రా అని వాడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఎక్కువసేపు నవ్వింది నేనే.

కిటికీ జాలీలోంచి ఆవిడ వీపు కనిపిస్తోంది. తల వంచి కుడుతోంది, చేతికుట్టే అయినా కాలు మాత్రం మిషను తొక్కుతున్నట్టు నేల మీద ఆడుతోంది. పెదవులు కదులుతున్నాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు. నిన్న కూడా విన్న లెక్కే, కుట్టుపనివాళ్లు లెక్కపెట్టుకుంటారులే అనుకున్నాను. ఇరవైకి వచ్చాక మళ్లీ ఒకటి. మధ్యలో ఒకసారి చేయి ఆగింది. తల కొద్దిగా పైకి లేచింది, ఎదురుగా ఏమీ లేని గోడ వైపు. ఒక్క క్షణం. వాడు గుర్తొచ్చేశాడన్నమాట. వెంటనే తల విదిలించి మళ్లీ ఒకటి, రెండు, మూడు. ఒక తల్లి కన్నకొడుకుని తలపులోంచి నెట్టేస్తోంది, వాడికి ఎక్కిళ్లు తగ్గాలని. ఆ ఎక్కిళ్లు పెట్టింది నేను. కీబోర్డు మీద, ఒక చేత్తో టీ తాగుతూ.

ఏం చేయొచ్చు? కాగితాలు చించేయొచ్చు, కొత్తవి కొట్టొచ్చు, సోదరునికి స్వస్థత కలిగెను, అతడు దూరదేశమునకు పోయెను, అని. పోతే ఇంకేముంది, నా కొడుకే, నన్ను చూడకుండానే వెళ్లిపోయాడు అనుకుంటుంది. స్వస్థత అని మాత్రం కొట్టి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఇంక ఎప్పటికీ తలుచుకోదు, తలుచుకుంటే మళ్లీ మొదలవుతాయని భయపడుతుంది, చచ్చేదాకా కుట్లు లెక్కపెడుతుంది. ఏమీ మార్చకపోతే ఆదివారం రింగుటోనుగాడి బావమరిది నడిచొస్తాడు. తలుపు వైపు తిరిగిన ఆవిడ ముఖం. దాన్ని ఊహించలేకపోయాను. నాలాంటివాడికి, లేని మనిషికి యాభై మూడు రోజులు ప్రాణం పోసినవాడికి, ఒక్క ముఖం ఊహించడం చేతకాలేదు. మరి చెప్పేస్తే? చెప్పేస్తే రాత్రి పట్టిన నిద్ర పోతుంది. నాలుగేళ్లకి ఒక్క రాత్రి పట్టిన నిద్ర. నిజం చెప్పి దాన్ని లాక్కునే హక్కు నాకెక్కడిది, అని నాకు నేనే చాలా ధర్మంగా చెప్పుకున్నాను, ఆ ధర్మం వినసొంపుగా ఉండేసరికి అనుమానమొచ్చింది. నాకు అంత ధర్మం ఎప్పుడూ తోచదు. పిరికితనం పంచె కట్టుకుని పెద్దమనిషిలా వచ్చి కూర్చుంది, అంతే. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. పరలోకమందున్న తండ్రీ, అనగానే తర్వాతి వాక్యం సెలవు చీటీలా వచ్చింది, తమరి దయవల్ల, ఈ క్రింద సంతకం చేసిన నేను. కళ్లు తెరిచాను. గడియారంలో ఏడు తీసేస్తే రెండూ నలభై. నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆయనతో మాట్లాడలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. మందిరంలో పుట్టి పెరిగాను, ఎవరు ఎలా ప్రార్థిస్తారో అచ్చం అనుకరించి చూపించగలను, పాస్టరుగారి దగ్గుతో సహా. నాది అంటూ ఒకటి లేదు. అందరి కొలతలూ తీసి, నాకు మాత్రం చొక్కా కుట్టించుకోలేదు.

లేచాను. గొలుసు తెగకూడదు కాబట్టి ఒక కాలు గదిలోనే ఉంచి తలుపు తీశాను.

"అత్తా, ఒకసారి లోపలికి రా."

"అప్పుడే ఆకలేసిందా? ఇంకా ఇరవై నిమిషాలుంది."

"ఆకలి కాదు. రా."

వచ్చింది. సూది రవిక అంచుకి గుచ్చుకుని, ప్యాంటు చంకలో పెట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను, నిలబడితే చెప్పలేనని తెలిసి నేల మీద కూలబడ్డాను. సంచిలోంచి కాగితం తీసి చేతికిచ్చాను. తొమ్మిదోది చదివింది. ముఖం వెలుగుతోంది, నాకు తెలుసు వెలుగుతుందని, అది పూర్తిగా వెలగకముందే చెప్పేయాలి, "అత్తా, అలాంటివాడు ఎవడూ లేడు. నేనే టైపు చేశాను. మొదట్నుంచీ. నవ్వుకోవడానికి. ఇరవై ఎనిమిదీ అబద్ధమే. ఎడమచెయ్యీ అబద్ధమే."

ఆవిడ కాగితం వైపే చూస్తోంది. చదివిందే చదువుతోంది. నేను ఇంకేదైనా అనేస్తానేమోనని నాకు నేనే భయపడ్డాను. మామూలుగా ఇలాంటి చోట నా నోరు ఏదో ఒకటి అంటుంది. ఏమీ అనలేదు.

"ఎంతమంది నవ్వారు?" అంది.

"ఇద్దరం. నేనూ, రింగుటోనుగాడూ."

"నేను షాపుకొచ్చిన రోజు కూడానా?"

"ఆ రోజు ఎక్కువ."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, గుడ్డ మడిచినట్టు అంచుకి అంచు కలిపి. "మీ నాన్నకి తెలుసా?" "తెలియదు." "ఆదివారం లేచి నిలబడి అందరికీ చెప్తావు. నేను చెప్పను. నువ్వే. మాస్టారి లెక్కతో సహా చెప్పు, పాపం ఆయన అంత కష్టపడ్డాడు." ఆ మాటకి ఆవిడ గొంతులో నవ్వులాంటిదేదో వచ్చి, మధ్యలోనే ఏడుపై, అది కూడా పూర్తి కాకుండా ఆగిపోయింది. "నాకు చాలా కోపంగా ఉంది అల్లుడూ. తగ్గిందని ఇప్పుడు అబద్ధం చెప్పను. తగ్గినప్పుడు చెప్తాను, నువ్వు అడక్కు."

"నీ నిద్ర పాడుచేశానత్తా."

ఆవిడ మొదటిసారి నా వైపు చూసింది. నాన్న దీపం ముందు చూసే చూపు కాదు. కొలత తీసుకునే ముందు మనిషిని మొత్తం ఒకసారి చూస్తుంది చూడు, అలా. "నీ ఎక్కిళ్ల అబ్బాయి అబద్ధం. సరే. కానీ నా కొడుకుని నేను అప్పజెప్పింది వాడికి కాదుగా. ఆయనకి. ఆయన్ని నువ్వు కనిపెట్టలేదుగా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"మరి ఆయన దగ్గరే ఉన్నాడు." చెప్పి కళ్లు తుడుచుకుంది. తర్వాత, నాతో కాదు, ఎవరితోనూ కాదు, మెల్లగా, "అయితే వాణ్ణి తలుచుకోవచ్చన్నమాట" అంది. కళ్లు మూసుకుంది. పెదవులు కదల్లేదు. లెక్క లేదు. కాలు నేల మీద ఆడటం ఆగిపోయింది. ఆ ఒక్క నిమిషంలో ఆవిడ లోపల ఎవరెవరు తిరిగారో, ఏ వయసు పిల్లాడు వచ్చాడో నాకు తెలియదు, నేను తల దించుకున్నాను, ఆ నిమిషం నేను చూడదగ్గది కాదనిపించింది. కళ్లు తెరిచి, చీర సర్దుకుని, దిండు కాలితో నా వైపు జరిపింది. "నీ గంట ఇంకా అవలేదు. చెయ్యి."

"నాకు రాదత్తా."

"నవ్వించడం వచ్చు, ఏడిపించడం వచ్చు, ఇది రాదా? పైకి చెప్పు. వింటాను."

మోకాళ్లు ఆనించాను. ఈసారి గుంటల్లోనే పడ్డాయి, ఎవరెవరి మోకాళ్లో తవ్విపెట్టిన చోటులో. కళ్లు మూసుకున్నాను. చీకట్లో ఎవరి గొంతూ దొరకలేదు, పాస్టరుగారిదీ లేదు, డ్రైవరు అన్నదీ లేదు, పల్చగా, చేతకానిదిగా ఒకటి మిగిలింది. అదే నాది కాబోలు. "ప్రభువా, నాకు సిగ్గుగా ఉంది" అన్నాను.

"ఊఁ," అంది మిషనత్త. కొలతలు చెబుతుంటే రాసుకునేటప్పుడు అనే ఊఁ. "తర్వాత?"

"ఈవిడ... మా అత్త నాలుగేళ్లుగా ఏడుస్తోందని నాకు తెలుసు. తెలిసే వయసెంతో చెప్పాను. తెలియదని ఇందాక నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు."

ఆవిడ ఊపిరి ఒకసారి ఆగింది. విన్నాను. మళ్లీ, "ఊఁ. తర్వాత?"

తలుపు మెల్లగా తట్టిన చప్పుడు. మూడయిపోయిందన్నమాట. తలుపు తెరుచుకుంది, ఎండ వాసన వచ్చింది, అరిగిన చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తున్న చప్పుడు, అది ఎవరో కళ్లు తెరవకుండానే తెలుస్తుంది, ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. లేచి, పళ్లికిలించి, నీ వంతు నాన్నా, దేవుడు వేడివేడిగా ఉన్నాడు, అని ఏదో అనేసి బయటపడొచ్చు. ఆ మాట తయారై నాలుక చివరదాకా వచ్చింది కూడా. "రా తమ్ముడూ, కూర్చో. వీడిది ఇంకా అవలేదు" అంది మిషనత్త మెల్లగా. నాన్న లోపలికొచ్చాడు. ఇటు పక్కన నేల మీద కూర్చున్నాడు, మోకాళ్లు వంచుతూ చిన్నగా మూలిగాడు. ఆయన చేయి నా చేతికి తగిలీ తగలనట్టుంది. ఇద్దరి మధ్యా ఉన్నాను. సిగ్గు ఎక్కడికీ పోలేదు, చెవులు ఇంకా కాలుతూనే ఉన్నాయి, కానీ దాని నుంచి దాక్కోవడానికి పరిగెత్తే మనిషి ఎక్కడో నిలబడిపోయాడు, మూడు నెలలుగా పరిగెత్తి పరిగెత్తి, ఇక్కడ, ఈ గుడ్డముక్కల దిండు మీద. గుండె నెమ్మదిగా కొట్టుకోవడం తెలిసింది. అంత నెమ్మదిగా అది కొట్టుకోగలదని నాకు తెలియదు.

"మా నాన్న రోజూ తాళం వేసిన గేటు దగ్గర కూర్చుంటున్నాడు" అన్నాను. "నేను ఒక్కసారి కూడా వెళ్లి పక్కన కూర్చోలేదు. నాకు భయం, ప్రభువా. భయమేసినప్పుడల్లా నవ్విస్తాను."

పక్కన నాన్న చేయి కదిలి నా మణికట్టు పట్టుకుంది, గాజు పట్టుకున్నంత జాగ్రత్తగా.

"ఊఁ," అంది మిషనత్త. "తర్వాత?"

తర్వాతది ఉంది. ఇంకా చాలా ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టాను.